నలభై రోజులు దాటాయి, ఇంకా తగ్గలేదేం?

ప్రశ్న: అక్కా, నా వయసు 26. మగ శరీరాన్ని ఆడ శరీరంగా మార్చే సర్జరీ అయి ఎనిమిది నెలలైంది. నలభై రోజులు హిజ్రాల్లో నన్ను చేరదీసిన మా గురువు ఇంట్లోనే ఉన్నాను. పథ్యం తప్పలేదు, నలభయ్యో రోజు జల్సా కూడా ఘనంగా చేశారు. ఇక అయిపోయిందనుకున్నా. కానీ ఇప్పటికీ ఎక్కువసేపు కూర్చుంటే లోపల లాగినట్టుంటుంది. మూత్రం పక్కలకు చిమ్ముతుంది. ఒకే గదిలో నలుగురం ఉంటాం. చోటు కుదరక డైలేషన్, అంటే యోని ముడుచుకుపోకుండా లోపలికి కడ్డీ (డైలేటర్) పెట్టడం, మూడు వారాలు మానేశాను. మొన్న మళ్లీ మొదలుపెడితే పెద్ద సైజు అసలు పోవడం లేదు, తీసి చూస్తే రక్తం అంటుకుని ఉంది. డబ్బుల్లేక హార్మోన్ మాత్రలు ఆపేసి రెండు నెలలైంది. ఊరికే ఏడుపొస్తోంది. తప్పు చేశానా? లోతు తగ్గిపోతే ఇక నేను ఆడదాన్ని కానట్టేనా?
– పేరు వేయొద్దు, వరంగల్ జిల్లా

జవాబు: చెల్లీ, నీ ఆఖరి ప్రశ్న ముందు తీసేద్దాం. ఆడదానివా కాదా అన్నది లోతు కొలిచి చెప్పేది కాదు. నువ్వెవరో చెప్పుకోవడానికి సర్జరీ అయి ఉండాలని పట్టుబట్టడమే చట్టవిరుద్ధమని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద నడిచిన నల్సా కేసులో చెప్పింది. సర్జరీయే అక్కర్లేదన్నప్పుడు అంగుళం తగ్గితే ఏమవుతుంది? ఈ మాట నీ తలలోకి ఎవరు ఎక్కించారో గానీ, వాళ్లతో వాదనకు దిగకు. నీకు వేరే పనులున్నాయి.

ఇప్పుడు నలభై రోజుల సంగతి. డాక్టరు లేకుండా మనలోనే ఒక పెద్దామె, దాయమ్మ, మగ అంగాన్ని కోసి తీసేసే నిర్వాణం కాలం నుంచీ వస్తున్న లెక్క అది. నేనూ 2015లో ఆ నలభై రోజులు ఉన్నాను. అద్దం చూడనివ్వలేదు, పాలు లేని టీ తాగాను, చివర్న పసుపు రాసి, పాలకుండ నెత్తిన పెట్టి కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లారు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ లెక్క పైగాయం మానడానికి సరిపోతుంది, అంతే. డాక్టర్లు లోపల యోని కట్టే ఇప్పటి సర్జరీకి శరీరం వేసుకునే లెక్క వేరు. వాపు పూర్తిగా దిగడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. కుట్ల మచ్చలు మెత్తబడి రంగు తేలడానికి ఏడాది, ఏడాదిన్నర. నరాలు రోజుకి సుమారు ఒక్క మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. అందుకే కొన్నిచోట్ల మొద్దుబారినట్టు, కొన్నిచోట్ల ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు ఉంటుంది. నాకైతే పదో నెలలో బస్సులో నిలబడి ఉండగా ఒకటి కొట్టింది, పక్కావిడ భుజం పట్టేసుకున్నాను. ఆవిడ కళ్లు తిరిగాయేమో అనుకుని సీటిచ్చింది.

డైలేషన్ మానేసినందుకు నిన్ను తిట్టను, తిట్టే ముఖం నాకు లేదు. సర్జరీ అయిన అయిదో నెలలో మా నాన్న పోయాడు. రేపల్లె దగ్గర మా ఊరు వెళ్లాను. పెద్దకర్మ దాకా పదకొండు రోజులు, ఆ తర్వాత పొలం కాగితాల గొడవతో ఇంకో పదిహేను రోజులు. ఇంటినిండా చుట్టాలు. బాత్రూమ్ తలుపుకి గడియ లేదు, తాడు కొక్కేనికి తగిలించాలి. డైలేటర్ బూస్ట్ డబ్బాలో పెట్టి బ్యాగు అడుగున దాచాను. ఇరవై ఆరు రోజులు ఆ డబ్బా మూత తియ్యలేదు. మా మేనత్త ఒకసారి బూస్ట్ ఉందా అని అడిగితే గుండె ఆగినంత పనైంది. విజయవాడ తిరిగొచ్చి చూసుకుంటే, డైలేటర్ మీద లోతు తెలిపే చుక్కల్లో నాలుగో చుక్క దాకా పోయేది రెండో చుక్క దగ్గర ఆగిపోయింది. మొండిగా తొయ్యబోయి రక్తం తెచ్చుకున్నాను. అదీ నా తెలివి. తర్వాత నాలుగు నెలలు తంటాలు పడితే మూడో చుక్క దాకా వచ్చింది. నాలుగోది మళ్లీ రాలేదు.

శరీరానికి అది ఇంకా గాయంలాంటిదే. ఊరుకుంటే మూసుకుపోవాలని చూస్తుంది, మచ్చ పడిన చర్మం ముడుచుకుంటుంది. అందుకే మొదటి మూడు నెలలు రోజుకి మూడు నాలుగుసార్లు, తర్వాత రెండుసార్లు, నీలా ఎనిమిదో నెలలో ఉన్నవాళ్లకి రోజుకి ఒకసారైనా చెయ్యమంటారు. ఏడాది దాటాక వారానికి ఒకటి రెండుసార్లకి దిగుతుంది గానీ పూర్తిగా మానేది ఉండదు. ఒక్కో డాక్టరుది ఒక్కో లెక్క. పేగు ముక్కతో యోని కట్టించుకున్నవాళ్ల సంగతి వేరు, వాళ్ల షెడ్యూలు చూసి నువ్వు పోల్చుకోకు.

రక్తం ఎక్కణ్నుంచి వచ్చిందో తేలేదాకా డైలేటర్ ముట్టుకోకు. అలాగని నెలాఖరుదాకా ఆగకు, ఈ వారంలోనే నీ సర్జన్‌ని కలువు. దూరమైతే ముందు ఫోన్ చెయ్యి. లోపల ఎర్రగా, తడిగా, ముట్టుకుంటే చాలు రక్తం వచ్చే కండ పెరగడం మనలో చాలామందికి జరిగేదే, గ్రాన్యులేషన్ అంటారు. సిల్వర్ నైట్రేట్ పుల్లతో ఓపీలోనే అంటిస్తారు, కాస్త చురుక్కుమంటుంది, రెండుమూడు నిమిషాల పని. అదో, చర్మం చిరిగిందో చూసి చెప్పాల్సింది డాక్టరే. మళ్లీ మొదలుపెట్టమన్నాక చిన్న సైజుతో మొదలుపెట్టు. నీళ్లతో చేసిన జెల్లీ ధారాళంగా రాయి, పొదుపు చెయ్యకు. మోకాళ్లు మడిచి పడుకుని, ఊపిరి వదులుతూ పెట్టు. బిగుసుకుపోతే తొయ్యకు, అక్కడే ఆపి కాసేపు ఆగు. కటి కండరాలు వదులు చెయ్యడం నేర్పే ఫిజియోథెరపిస్టులు ఉంటారు. బాలింతలకి పనిచేసేవాళ్లే, మనకీ పనికొస్తారు.

వీటిలో ఏది కనిపించినా వారం దాకా కూడా ఆగొద్దు: జ్వరంతో పాటు దుర్వాసన వచ్చే స్రావం, ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, యోనిలోంచి గాలిగానీ మలంగానీ రావడం. చివరిది జరిగితే పేగుకీ యోనికీ మధ్య దారి పడిందేమోనని చూడాలి. సిగ్గుపడి దాచుకున్నవాళ్లని చూశాను, తర్వాత వాళ్లు పడిన బాధా చూశాను.

మూత్రం చిమ్మడం చాలావరకు వాపు వల్లే, దిగేకొద్దీ సర్దుకుంటుంది. కాస్త ముందుకు వంగి కూర్చుంటే తేడా తెలుస్తుంది. ధార రోజురోజుకీ సన్నబడుతున్నా, ముక్కాల్సి వస్తున్నా దారి ఇరుకవుతోందని అర్థం, ఆ మాట సర్జన్‌కి విడిగా చెప్పు.

నీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది రక్తం కాదు, మాత్రల సంగతి. వృషణాలు తీసేశాక మాత్రలూ ఆపేస్తే ఒంట్లో మగ హార్మోనూ లేదు, ఆడ హార్మోనూ లేదు. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఇవన్నీ దానివల్ల కూడా వస్తాయి. ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఎముకలు గుల్లబారతాయి. నీ ఏడుపులో సగం ఆ ఖాళీ సీసాలోనే ఉందేమో అని నా అనుమానం. అలాగని పాత చీటీ పట్టుకుని ఆపేసిన రెండు నెలలవీ కలిపి మింగకు. దగ్గర్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, సర్జరీ కాగితాలు చూపించి, రక్తపరీక్ష చేయించుకుని మొదలుపెట్టు. సిగరెట్ అలవాటుంటే దాచకుండా చెప్పు. ఆ మాత్రల్లో ఉండే ఆడ హార్మోను ఈస్ట్రోజెన్‌తో సిగరెట్ కలిస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, గాయం మానడమూ ఆలస్యమవుతుంది. ఇంకో ముక్క, ఇప్పుడు పనికిరాదు గానీ గుర్తుంచుకో: మనకి ప్రోస్టేట్, అంటే మూత్రసంచి కింద మగవాళ్లకుండే గ్రంథి, లోపలే ఉంటుంది, తియ్యరు. యాభై ఏళ్లు దాటాక ఆడవాళ్ల వార్డులో పడుకున్నా సరే, ఆ సంగతి డాక్టరుకి నువ్వే చెప్పాలి.

తప్పు చేశానా అన్నావు. నేనూ ఆరో నెలలో అర్ధరాత్రి లేచి కూర్చుని అదే అనుకున్నాను. నొప్పి, నిద్రలేమి, చేతిలో డబ్బుల్లేకపోవడం కలిస్తే ఏ మనిషైనా అలాగే అనుకుంటుంది. మాత్రలు మొదలై, నిద్ర పట్టిన నెల తర్వాత ఆ ప్రశ్న మళ్లీ వేసుకో, అప్పుడు వచ్చే జవాబు ఏదైనా నాకు రాయి. ఈలోగా చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఉత్తరం రాస్తూ కూర్చోకు, 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మిగిలింది చోటు. నలుగురిలో ఒక్కరికి చెప్పు, ఎక్కువ నమ్మకం ఉన్న ఒక్కరికే. మధ్యాహ్నం అరగంట మిగతా ఇద్దరినీ టీ కొట్టుకి తీసుకెళ్లే పని ఆమెది. నాకు మా ఇంటి ఓనరమ్మ ఆ సాయం చేసింది. ఏం చేస్తున్నానో ఎప్పుడూ అడగలేదు, రోజూ మూడింటికి మేడ మీద గది తాళం మాత్రం ఇచ్చేది.

నీ డైలేటర్ గట్టి ప్లాస్టిక్‌దైతే మరిగే నీళ్లలో వెయ్యకు. శుభ్రత మరీ ఎక్కువై నేనొకటి అలా వంకర చేసుకున్నాను. సబ్బు, గోరువెచ్చటి నీళ్లు, పొడిగుడ్డ చాలు. బూస్ట్ డబ్బా కూడా వద్దు, ఎవరో ఒకరు అడుగుతారు.