పాత యంత్రాలను నెట్‌వర్క్‌కు కలిపేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

జీడిమెట్లలోని మీ షెడ్డులో ఉన్న తూకపు యంత్రాన్ని, కరెంటు మీటర్లను, సీఎన్‌సీ యంత్రాన్ని (కంప్యూటరు ఆదేశాలతో కోత కోసేదాన్ని) ఆఫీసు కంప్యూటరుకు కలపాలనీ, తీగల బెడద లేకుండా అంతా వైఫై మీదే నడపాలనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. సీరియల్ వైపు పని, అంటే అక్షరాలను ఒక్కొక్క బిట్టుగా పంపే ఆ పాత తీగల పని, పూర్తిగా చక్కబడేదాకా నెట్‌వర్క్ జోలికి వెళ్లవద్దని నా గట్టి సలహా. ముందు ల్యాప్‌టాప్‌ను ఒక్కొక్క యంత్రానికీ నేరుగా తగిలించి, బాడ్ రేటు (పంపే వేగం), పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్టు), స్టాప్ బిట్లు (అక్షరం ముగిసిందనే గుర్తు) ఎంతెంతో కాగితం మీద రాసుకో. తెర మీద పిచ్చి అక్షరాలు కనిపిస్తే బాడ్ రేటునూ పారిటీనీ, అసలేమీ రాకపోతే పంపడానికీ అందుకోవడానికీ వాడే 2, 3 పిన్నుల తీగలనూ ముందుగా అనుమానించు.

తూకపు యంత్రానిది ఆర్‌ఎస్-232 అనే సీరియల్ పద్ధతి కాబట్టి దాని తీగను 15 మీటర్లకు మించి లాగవద్దు. సీరియల్‌ను నెట్‌వర్క్‌లోకి మార్చే ఈథర్‌నెట్ కన్వర్టరును యంత్రం పక్కనే బిగిస్తే అక్కడి నుంచి నెట్‌వర్క్ తీగ 100 మీటర్ల దాకా పోతుంది. మీటర్లవి ఆర్‌ఎస్-485 తీగలు, అంటే చాలా పరికరాలు ఒకే తీగను పంచుకునే పద్ధతి. వాటిని ఒక మీటరు నుంచి మరో మీటరుకు వరుసగా, మధ్యలో కొమ్మలు వేయకుండా తీసుకెళ్లి, రెండు కొసల్లోనే 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాలి. అవి కోఠీ గుజరాతీ గల్లీలో అతి చవకగా దొరుకుతాయి, కానీ చాలామంది వాటినే మరచిపోతారు.

మీటర్లు సీరియల్ తీగ మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే సందేశాల భాషలో మాట్లాడతాయి. అందులో మూడున్నర అక్షరాల కాలం నిశ్శబ్దంగా ఉంటే సందేశం ముగిసిందని లెక్క. 9600 బాడ్ వేగంలో అది సుమారు 4 మిల్లీసెకన్లు. అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా వైఫై మీదికి తోసే కన్వర్టరు పెడితే, సందేశం రెండు ముక్కలై మధ్యలో అంతకంటే ఎక్కువ ఆలస్యం జరగడం మామూలే, అప్పుడు మీటరు ఆ సందేశాన్ని పక్కన పడేస్తుంది. అందువల్ల సందేశాన్ని మొత్తంగా అందుకుని దాని నెట్‌వర్క్ రూపమైన మోడ్‌బస్ టీసీపీలోకి మార్చే పెట్టెనే, అంటే గేట్‌వేనే కొను. ధర కొంత ఎక్కువైనా వెనుకాడవద్దు.

సీఎన్‌సీని మాత్రం తీగతోనే కలుపు. కోత సాగుతుండగా ప్రోగ్రామును కొద్దికొద్దిగా పంపే పద్ధతిలో, యంత్రం తన బఫరు (తాత్కాలిక నిల్వ) నిండగానే ఎక్సాఫ్ అనే సంకేతం పంపి ఆగమంటుంది. ఆ కబురు నెట్‌వర్క్ దాటి కంప్యూటరుకు చేరేలోపు మరికొన్ని అక్షరాలు వచ్చి పడి, నిల్వకు చోటు లేనందున జారిపోతాయి. ఎక్స్ 125.0 లోంచి ఒక్క 5 జారిపోతే టూలు 12.0 దగ్గరికి దూసుకెళ్తుంది. కాబట్టి కన్వర్టరులో సీఎన్‌సీ తగిలించిన పోర్టుకే ఫ్లో కంట్రోల్ (ఆగు, సాగు అనే సంకేతాలను పాటించే అమరిక) పెట్టి, యంత్రం ఆగమన్న క్షణంలోనే అది ఆగేలా చూడు.

రోజుకు కొన్నిసార్లు మాత్రమే అంకెలు పంపే తూకపు యంత్రానికి వైఫై సరిపోతుంది. అయితే రేకుల షెడ్డులో ఇనుప బీరువాల వెనుక యాంటెన్నాను దాచవద్దు. కన్వర్టర్లన్నింటికీ మారని ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో వాటి చిరునామాలు) ఇవ్వు, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డులు మార్చు. మోడ్‌బస్ టీసీపీ వాడే 502 పోర్టుకు మామూలుగా తాళమంటూ ఉండదు కనుక, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఇంటర్నెట్‌కు తెరవవద్దు. ఇంటి నుంచి చూడాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద రహస్య దారి) ద్వారానే చూడు.

తూకపు యంత్రంతో మొదలుపెట్టి, అది తడబడకుండా నడిచాకే మీటర్లకు, ఆపై సీఎన్‌సీకి వెళ్లు. మీటర్ల మాన్యువల్‌లో రిజిస్టర్ల పట్టిక (ఏ కొలత ఏ నంబరు దగ్గర ఉంటుందో చెప్పేది) ఉన్న పేజీలను ఫోటో తీసి పంపితే, గేట్‌వే అమరికలు నేను రాసి పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య