లంగరు జారడం, విండ్లాస్ ఆగిపోవడం: రెండింటికీ మందు ఉంది

టొబాగో కేస్‌లో (కరీబియన్ సముద్రంలోని చిన్న దీవుల పార్కు) పడవ ఆపి 4 మీటర్ల లోతుకు 15 మీటర్ల గొలుసు వదిలామని, రాత్రి లంగరు జారిందని, పొద్దున ఎత్తబోతే విండ్లాస్ (లంగరు గొలుసును చుట్టి ఎత్తే మోటారు) కరెంటు బ్రేకర్ పడిందని మీరు అన్నారు. లంగరు తప్పేం లేదండీ, గొలుసే చాల్లేదు. లోతుకు పడవ ముక్కు ఎత్తూ కలపాలి: 4 + 1.5 = 5.5 మీటర్లు. దానికి 5 రెట్లు, అంటే 28 మీటర్లు కనీసం. గాలి వేగం 25 నాట్లు (గంటకు సుమారు 46 కి.మీ.) దాటితే 7 రెట్లు, 39 మీటర్లు. తక్కువైతే గొలుసు లంగరు కాడను పైకి లేపుతుంది, ముల్లు ఊడొస్తుంది. సముద్రపు గడ్డి మీద వేయొద్దు, తెల్లటి ఇసుక మీదే వేయండి. తర్వాత రివర్స్‌లో ఇంజిన్‌ను మెల్లగా 2000 ఆర్‌పీఎం వరకు పెంచి అర నిమిషం ఉంచండి. పక్కన దీవి మీద ఎంచుకున్న రెండు గుర్తులు వరస తప్పకపోతే పట్టినట్టే. చివర్లో 8-10 మీటర్ల నైలాన్ తాడును గొలుసుకు తగిలించి, బరువును విండ్లాస్ మీద నుంచి క్లీట్ (పడవ మీద తాడు కట్టే కొమ్ము) మీదకు మార్చండి.

ఎత్తేటప్పుడు విండ్లాస్‌తో పడవను లాగించొద్దు, బ్రేకర్ పడేది అందుకే. ఒకరు ఇంజిన్‌తో ముందుకు నడిపితే, ఇంకొకరు వదులైన గొలుసునే ఎత్తాలి. గాలిలో అరుపులు వినపడవు, సైగలు ముందే అనుకోండి.

అసలు అక్కడ పార్కు వాళ్ల మూరింగ్ బంతులు (లంగరు వేయకుండా పడవను కట్టుకునే తేలే బంతులు) ఉన్నాయిగా! నడుము నొప్పి ఉన్నవాళ్లకు రుసుము కట్టడమే నయం. పడవను బంతికి కట్టేముందు నీళ్లలో దిగి దాని తాడు ఒరిసిపోలేదని మాత్రం చూసుకోండి.