కక్ష్య: నడికట్టు నుంచి గ్రహాల దారి దాకా (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడి మరాఠీ బడిలో చదువుతోంది. భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారిని వాళ్ల పుస్తకంలో ‘కక్షా’ అన్నారు. హిందీ పాఠంలో అదే మాటకు తరగతి అని అర్థం చెప్పారట. మా మామగారి పాత తెలుగు నిఘంటువులో ‘కక్ష్య’ దగ్గర మొలనూలు, ఏనుగు నడుముకు కట్టే మోకు అని ఉంది. మేము ఇంట్లో కక్ష అంటే పగ అనే అనుకుంటాం. ఇవన్నీ ఒకే మాటకు అర్థాలా? దీనికి పర్యాయపదాలు కూడా తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఇక్కడ కలగలిసినవి కక్షం, కక్ష్య అనే రెండు మాటలు. సంస్కృతంలో కక్షం అంటే చంక, ఒంటి పక్కభాగం. మరాఠీవారు చంకను ‘కాఖ్’ అనడం మీరు రోజూ వింటూనే ఉంటారు. అది ఈ కక్షమే. మనం ‘చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదికినట్లు’ అనే చోట వారు ‘కాఖేత్ కళసా, గావాలా వళసా’ అంటారు. బిందె చంకలోనే ఉండగా దానికోసం ఊరు చుట్టి రావడమన్నమాట. ఆ పక్కభాగాన్ని ఆనుకొని ఒంటి చుట్టూ బిగించేది కక్ష్య. ఇది చాలా పాత అర్థం. ఋగ్వేదంలో ఇంద్రుని గుర్రాలకు ‘కక్ష్యప్రా’ అనే విశేషణం ఉంది. పొట్ట చుట్టూ కట్టిన పట్టీ బిగువెక్కేటంత పుష్టిగా ఉన్న గుర్రాలని దాని భావం.

మీ నిఘంటువు చెప్పిన అర్థాలకు పాత సంస్కృత నిఘంటువైన అమరకోశమే ఆధారం. అందులో పలు అర్థాలున్న మాటలను చెప్పే నానార్థవర్గంలో ‘కక్ష్యా ప్రకోష్ఠే హర్మ్యాదేః కాంచ్యాం మధ్యేభబంధనే’ అని ఉంది. అంటే మేడల్లోని ఆవరణ, మొలనూలు, ఏనుగు నడుముకు వేసే కట్టు అని మూడర్థాలు. మీ జిల్లాలోని కమలాపూర్‌లో అటవీశాఖవారి ఏనుగుల శిబిరం ఉంది కాబట్టి ఏనుగు నడుము చుట్టుకొలత ఎంతటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు. అంబారీ గాని బరువు గాని జారిపోకుండా వీపు మీదుగా, పొట్ట కిందుగా తెచ్చి బిగించే ఆ మోకుకు దూష్య, వరత్ర అనేవి అమరకోశంలోని తక్కిన పేర్లు. ఆవరణ అనే అర్థానికి రామాయణంలో మంచి ఉదాహరణ ఉంది. అయోధ్యాకాండలో రాముడు తండ్రి నగరుకు వెళ్లేటప్పుడు మూడు కక్ష్యలు రథం మీద దాటి, మిగిలిన రెండూ కాలినడకన దాటుతాడు. ఒకదాని లోపల ఒకటిగా రాజభవనాన్ని చుట్టి ఉండే ప్రాంగణాలవి. ఈ అర్థమే గదికీ, గది నుంచి హిందీలో తరగతికీ పాకింది. మరాఠీలో ‘నియంత్రణ్ కక్ష్’ అన్నప్పుడు వినబడేదీ గది అర్థమే.

గ్రహాల దారికి ఈ పేరు నిన్న మొన్న పెట్టింది కాదు. సూర్యసిద్ధాంతమనే పాత జ్యోతిశ్శాస్త్ర గ్రంథం చంద్రకక్ష్యను 3,24,000 యోజనాలుగా చెప్పింది. వృత్తానికి 21,600 కలలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కల), కల ఒక్కింటికి 15 యోజనాలు అని లెక్కించి చూస్తే ఆ సంఖ్య సరిగ్గా వస్తుంది. నడుముకు కట్టు ఎలా చుట్టుకొలత అవుతుందో, గ్రహం తిరిగే వృత్తానికి కక్ష్య అలా చుట్టుకొలత అయింది. 2023 ఆగస్టు 5న చంద్రయాన్-3 చంద్రుని కక్ష్యలో ప్రవేశించిందని మన పత్రికలు రాసినప్పుడు వాడింది ఈ పాత మాటనే. మరాఠీలో ‘కక్షా’ అని రాయడం తప్పు కాదు, సంస్కృతంలో ఆ రూపమూ ఉంది; తెలుగులో మాత్రం గ్రహాల దారికి యవత్తుతో ‘కక్ష్య’ అనే రాయాలి. యవత్తు జారితే చదివేవారికి పగే స్ఫురిస్తుంది.

ఇక పగ సంగతి. తెలుగులో కక్ష ‘పెట్టుకోవడం’ ఉన్నా, బలంగా చెప్పవలసి వచ్చినప్పుడు కక్ష ‘కట్టాడు’ అంటాం. సంస్కృతంలో బద్ధకక్షుడంటే నడికట్టు బిగించి సిద్ధమైనవాడు. పనికి పూనుకోవడాన్ని మనం నడుం కట్టడం అన్నట్లే, పోరుకు పూనుకోవడాన్ని కక్ష కట్టడం అన్నారనీ, అక్కడి నుంచే పగ అనే అర్థం స్థిరపడిందనీ నా అభిప్రాయం. పల్లెల్లో ‘కచ్చ’ అనే మాటకు అటు వెనక్కి దోపే బట్ట కొస అనీ, ఇటు పంతమనీ రెండర్థాలూ ఉండడం ఈ ఊహకు బలమిస్తోంది. మీ దగ్గర పెద్దవాళ్లు నౌవారీ (తొమ్మిది గజాల) చీరకు ‘కాష్టా’ దోపుతారు కదా, మన గోచికట్టు చీరలో ఆ పని చేసేది ఈ కచ్చే.

తెలుగులో నడుముకు చుట్టేవాటికి నడికట్టు, దట్టి, ఒడ్డాణం, మొలనూలు, మొలతాడు అనే పేర్లున్నాయి. ఇవన్నీ ఒకటి కావు: ఒడ్డాణం నగ, మొలతాడు దారం, దట్టి బట్ట. పీర్ల పండుగనాడు పీరులకు మొక్కుగా కట్టే దట్టీలను చూసినవారికి ఈ తేడా తెలుసు. మీ పక్కింటి మరాఠీవారు ఒడ్డాణాన్ని కంబర్‌పట్టా అనీ, మొలతాడును కరదోడా అనీ అంటారు. క్రియాపదాల్లోనూ రెండు భాషలూ ఈ తేడా పాటించడం నాకెంతో ఇష్టమైన విషయం. మనం చీర కట్టుకుంటాం, రవిక తొడుక్కుంటాం, శాలువ కప్పుకుంటాం. వారు చీరకు ‘నేసణే’, కుట్టిన బట్టకు ‘ఘాలణే’, శాలువకు ‘పాంఘరణే’ వాడతారు. మీ అమ్మాయి రెండు భాషల్లోనూ ఈ మాటలను కలిపేయకుండా వాడేటట్లు చూడండి.

ప్రశ్న: మేఖల, కాంచి, రశన అనేవి ఒకే నగకు పేర్లా?
– ఒక పాఠకుడు, బల్లార్ష, చంద్రపూర్ జిల్లా

జవాబు: అమరకోశం స్త్రీల నడుము నగకు మేఖల, కాంచి, సప్తకి, రశన, సారసనం అని ఐదు పేర్లు కలిపి చెప్పి, పురుషుల దానికి శృంఖలం అని వేరు చేసింది. వ్యాఖ్యాతలు ఉదాహరించే ఒక శ్లోకం మాత్రం పేటలను బట్టి విభజించింది: ఒంటి పేటది కాంచి, 8 పేటలది మేఖల, 16 పేటలది రశన, 25 పేటలది కలాపం. కావ్యాలలో ఈ లెక్క పాటించినవారు అరుదు, కాబట్టి పద్యాలకు అర్థం రాసేటప్పుడు మొలనూలు అంటే చాలు. మేఖలకు మాత్రం నగను దాటిన వాడుకలు ఉన్నాయి. హోమకుండం చుట్టూ మెట్లుగా కట్టే అంచులు మేఖలలు. సముద్రాన్ని మొలనూలుగా గలది కనుక భూమి అబ్ధిమేఖల. ఉపనయనంలో వటువు నడుముకు ముంజగడ్డితో పేని కట్టేది కూడా మేఖలే, దానికే మౌంజి అని పేరు. మీ ఊళ్లో మరాఠీవారు ఉపనయనాన్ని ‘ముంజ్’ అనడం ఆ గడ్డి పేరు మీదుగానే.