వంట ఇష్టం లేనివారికి మంచి భోజనం

ప్రశ్న: నా వయసు 29. విజయవాడ మొగల్రాజపురంలో అద్దె ఇంట్లో ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. వంట చేయడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. ఉదయం బండి దగ్గర ఇడ్లీయో పూరీయో తింటాను, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్, రాత్రికి కుక్కర్లో అన్నం పెట్టుకుని కర్రీ పాయింట్ నుంచి వేపుడు, సాంబారు తెచ్చుకుంటాను. కొన్నాళ్లుగా నీరసం, మలబద్ధకం బాధిస్తున్నాయి. "ఆడపిల్లవు, వండుకోకపోతే ఎలా?" అని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అంటోంది. వంట జోలికి ఎక్కువగా వెళ్లకుండా మంచి తిండి తినే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వంట ఇష్టం లేకపోవడం ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా తప్పేమీ కాదు, ఆ మాట మీ అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి. అయితే ఆమె బెంగలో నిజం ఉంది. మీరు రాసిన మూడు పూటల తిండిలో బియ్యానికీ పిండికీ నూనెకూ లోటు లేదు గానీ, ఆకుకూర ఊసే లేదు, పండు లేదు, పప్పు కూడా సాంబారులో తేలినంతే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలో క్యాలరీలు అవసరమయ్యే వ్యక్తికి ధాన్యాలు 250 గ్రాములు చాలు. కూరగాయలు మాత్రం ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసమూ అన్నీ కలిపి 85 గ్రాములు ఉండాలి. మన కంచాల్లో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. మీకు ఊరట కలిగించే సంగతి ఏమిటంటే, మీకు తక్కువవుతున్నవాటిలో ఏదీ పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబెట్టేది కాదు.

అన్నానికి ఎలాగూ కుక్కర్ పెడుతున్నారు కనుక, అదే కుక్కర్లో అడుగు గిన్నెలో అర గ్లాసు కందిపప్పు, గ్లాసున్నర నీళ్లు, చిటికెడు పసుపు, రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు తోటకూరో పాలకూరో వేసి, పప్పు పొంగకుండా నాలుగు చుక్కల నూనె వేసి, పై గిన్నెలో బియ్యం పెట్టండి. ఆఫీసు నుంచి రాగానే పప్పు నానబోసి స్నానం చేసి వస్తే ఇంకా మెత్తగా ఉడుకుతుంది. ఆవిరి పోయాక ఉప్పు వేసి పప్పుగుత్తితో నాలుగు తిప్పులు తిప్పి, నిమ్మకాయ పిండుకుంటే సరిపోతుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికి ఆ నిమ్మరసం సాయపడుతుంది. పోపు వేయకపోయినా పప్పులో బలం తగ్గదు. గోంగూర అయితే మాత్రం పప్పులో కలిపి పెట్టకండి, దాని పులుపుకు పప్పు బిరుసెక్కుతుంది. వేరే గిన్నెలో ఉడికించి తరువాత కలుపుకోండి. ఆకుకూర కడగడమే పెద్ద పని అని చాలామంది దాన్ని కొనడం మానేస్తారు. ఆదివారం ఉదయం పటమట రైతుబజారుకు వెళ్లి నాలుగు కట్టలు తెచ్చుకుని, వేళ్లు కోసి, పెద్ద గిన్నెడు నీళ్లలో జాడించి, గిన్నె అడుగున ఇసుక కనిపించనంత వరకు నీళ్లు మార్చి, పాత చీర మీద ఆరబెట్టి, కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మూడు నాలుగు రోజుల వరకు మళ్లీ ఆ పని ఉండదు.

పొయ్యి అసలే వెలిగించని తిండి మన ఇళ్లలో కొత్తగా నేర్చుకోవలసింది కాదు. శ్రీరామనవమి నాడు పెట్టే వడపప్పును ఏడాదికొక్క రోజుకే ఎందుకు పరిమితం చేసుకున్నామో నాకు అర్థం కాదు. పెసరపప్పును గంటసేపు నానబెట్టి, నీళ్లు వంచేసి, కీరదోస ముక్కలు, కొబ్బరి కోరు, ఉప్పు, నిమ్మరసం కలిపితే ఒక పూటకు సరిపడే మంచి ఆహారం. వేసవిలో మామిడికాయ కోరు కూడా వేస్తే రుచిని వర్ణించలేను. ఉదయం పూరీకి బదులుగా, కడిగి నానబెట్టిన అటుకుల్లో పెరుగు, వేయించిన వేరుశనగ గుళ్లు, ఒక అరటిపండు కలుపుకోండి. మీరు గుడ్డు తినేవారైతే, ఒక్కో గుడ్డులో ఇంచుమించు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, అది ఉడికేది పది నిమిషాల్లో.

కర్రీ పాయింట్‌ను పూర్తిగా మానమని చెప్పను. పప్పు, అన్నం, పెరుగు మీ ఇంట్లోనే ఉన్నప్పుడు అక్కడ కొనవలసింది ఒక్క కూర మాత్రమే. వేపుడుకు బదులు సొరకాయ, బీరకాయ, దొండకాయ వంటి కూరలు అడగండి. స్టీలు క్యారియరు వెంట తీసుకెళ్లండి, మరిగే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవడం మంచిది కాదు. మిగిలిన అన్నాన్ని మన బెజవాడ ఎండల్లో తెల్లవార్లూ బయట ఉంచకుండా, వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఒక్కసారే బాగా వేడిచేసి తినేయండి. నీరసానికి కారణం తిండే అని మనమే తేల్చుకోకుండా, ఒకసారి డాక్టరును కలిసి హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. అమ్మ పోయాక గుంటూరు బ్రాడీపేటలో ఒక్కరే ఉంటున్నారు. వంట రాదు, వంటమనిషిని పెడతామంటే ఒప్పుకోరు. రెండు పూటలా పెరుగన్నం, ఆవకాయతోనే గడిపేస్తున్నారు. బీపీ కూడా ఉంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పెరుగన్నం మంచిదే, బీపీ ఉన్నవారికి దాని పక్కనున్న ఆవకాయే ఇబ్బంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా, దాటకూడదు. ఆవకాయను వారానికి ఒకటి రెండుసార్లు, అదీ కొద్దిగా ఉంచి, మిగతా రోజుల్లో పెరుగులో కీరదోస తురుము, దానిమ్మ గింజలు కలుపుకోమనండి. ఈసారి వెళ్లినప్పుడు వారం రోజులు ఉండి, మీరు వండిపెట్టకుండా, పైన చెప్పిన పప్పు కుక్కర్‌ను ఆయన చేతే పెట్టించండి. కొలతకు ఒకే గ్లాసు కేటాయించి, "పప్పు అర గ్లాసు, నీళ్లు గ్లాసున్నర, నాలుగు విజిల్స్" అని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, పొయ్యికి కాస్త ఎడంగా, ఆయన కళ్లకు ఎదురుగా గోడకు అంటించి రండి.