చీనీ తోట గట్టు మీద దొరికిన ఊసరవెల్లి పిల్లలు నీరసపడ్డాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాకు నాలుగెకరాల చీనీ తోట ఉంది. గట్టు మీద కంప కొట్టిస్తుంటే చిటికెన వేలంత ఊసరవెల్లి పిల్లలు కనిపించాయి. మావాడు నాలుగింటిని అట్టపెట్టెలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. మూతలో నీళ్లు పోసి పెట్టాం, ఉడికించిన గుడ్డు సొన పెట్టాం, దేన్నీ ముట్టడం లేదు. ఒకటి నల్లబడిపోయింది, ఒకటి పగలు కూడా కళ్లు తెరవడం లేదు, ఇంకోదానికి కాళ్లు వణుకుతున్నాయి. మూడు రోజుల కిందట తోటకు డైమిథోయేట్ అనే పురుగుమందు కొట్టించాం. అవి విషప్రాణులు, ఇంట్లో పెట్టుకుంటే అరిష్టం, పారేయమని మా నాన్న గోల. వీటికి మందేమైనా ఉందా? – ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఆ వణుకుతున్నదాని సంగతి చూడండి, మిగతా వాటికి కాస్త టైముంది, దానికి లేదు. డైమిథోయేట్ నరాల మీద పనిచేసే మందు. మందు పడిన పురుగును తిన్నా, ఆకుల మీది మందు ఒంటికి అంటినా ఇంత చిన్న ప్రాణికి అదే ఎక్కువ. కాళ్లు వణకడం, నోట్లోంచి జొల్లు కారడం, పట్టు జారి కొమ్మ మీంచి పడిపోవడం, ఇవి కనిపిస్తే నేను ముందు మందునే అనుమానిస్తాను. చేతులకు తొడుగులు వేసుకుని, గోరువెచ్చని మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, కళ్లలోకీ ముక్కులోకీ నీళ్లు పోకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. సబ్బు రుద్దొద్దు. ఈ రకం విషానికి పశువైద్యులు అట్రోపిన్ ఇస్తారు, కానీ ఇంత చిన్న ఒంటికి మోతాదు డాక్టరే లెక్కగట్టాలి, పశువులకు వాడి మిగిలిన ఇంజెక్షన్ ఉంది కదా అని మీరు చుక్క కూడా వేయొద్దు. వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసి విషయం చెప్పండి, లేదా దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి ఏ మందు ఎప్పుడు కొట్టారో డబ్బా చూపించి మరీ చెప్పండి.

ఇక మిగతావి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే వీటికి ముందు కావలసింది మందు కాదు, నీళ్లు. నీళ్లు పెట్టామన్నారు, నిజమే, కానీ ఊసరవెల్లి మూతలో ఉన్న నీటిని గుర్తుపట్టదు. అది ఆకుల మీద నిలిచిన మంచు చుక్కల్ని, వాన చుక్కల్ని నాకి బతికే జీవి. చుక్క మెరిస్తేనో కదిలితేనో దానికి నీరని తెలుస్తుంది. మీ పెట్టెలో మూత నిండా నీళ్లుండగానే అవి దాహంతో ఎండిపోతున్నాయన్నమాట. కళ్లు దగ్గర్నుంచి చూడండి, గోపురంలా ఉబ్బి ఉండాల్సిన కన్ను లోపలికి పీక్కుపోయిందంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. రాత్రిపూట కళ్లు మూసుకుని తెల్లగా పాలిపోయి కనిపిస్తే కంగారుపడొద్దు, అది నిద్ర. పగలు వెలుతురులో కళ్లు తెరవకపోతే మాత్రం ఒంట్లో బాగోలేదనే అర్థం.

ఆ అట్టపెట్టె తీసేయండి. కుండీలో కరివేపాకు మొక్కో, పురుగుమందు పడని సన్న రెమ్మలున్న ఇంకేదైనా మొక్కో తెచ్చి, చుట్టూ పాత దోమతెర కట్టి, ఒక్కోదాన్ని ఒక్కో మొక్క మీదికి ఎక్కించండి. చేత్తో పీకొద్దు. వేళ్లు రెండు గుంపులుగా చీలి పటకారులా రెమ్మను పట్టుకుంటాయి, తోక కూడా చుట్టుకుని ఉంటుంది, లాగితే ఆ పట్టు దగ్గరే దెబ్బ తగులుతుంది. ముందు ఒక పుల్ల పెడితే అదే నడుచుకుంటూ ఎక్కుతుంది. నాలుగింటినీ ఒకేచోట ఉంచితే ఒకదాన్ని చూసి ఒకటి బెదిరి నల్లబడతాయి, బలహీనమైనది తిండి మానేస్తుంది. మీరు చెప్పిన ఆ నల్లబడ్డదానికి ఉన్నది జబ్బు కాకపోవచ్చు, చలికీ భయానికీ కూడా అవి నల్లబడతాయి. పొద్దుటి ఎండ పడి, పక్కనే నీడ కూడా ఉండే చోట కుండీ పెడితే కాసేపటికి రంగు తేలికపడాలి. గాజు సీసాలో పెట్టి ఎండలో మాత్రం ఉంచొద్దు, లోపల ఉడికిపోతాయి. చీమలు కుండీ ఎక్కకుండా కింద నీళ్ల పళ్లెం పెట్టండి, నీరసపడిన పిల్లను చీమలు బతికుండగానే తినేస్తాయి.

ఆకుల మీద సన్నగా నీళ్లు చల్లండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నాలుక బయటపెట్టి నాకేదాకా ఓపిగ్గా చల్లండి. స్ప్రేయర్ కొత్తదై ఉండాలి, పురుగుమందు కొట్టినది ఎన్నిసార్లు కడిగినా వాడొద్దు, ఈ ఒక్క మాట మర్చిపోకండి. కళ్లు తెరవని పిల్లకు సూది తీసేసిన సిరంజితో పెదవి పక్కన ఒక్క చుక్క ఆనించండి. నాకితే ఇంకో చుక్క, నాకకపోతే ఆపేయండి. నోరు బలవంతంగా తెరిచి పోస్తే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు తెరుచుకునే ఉండి, ముక్కు దగ్గర బుడగలు కనిపిస్తే అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, డాక్టరు చూడాల్సిందే. బుడగలు లేకుండా ఎండలో నోరు తెరిస్తే వేడి ఎక్కువైందని, నీడకు జరపండి.

గుడ్డు సొన, పాలు, అన్నం మెతుకులు, ఏవీ వద్దు. కదిలే పురుగునే అది తిండిగా చూస్తుంది. అరటిపండు తొక్క ముగ్గబెడితే ముసిరే సన్న ఈగలు చాలు, తెర లోపల ఆ తొక్క పెడితే అవే వస్తాయి. పురుగు ఎప్పుడూ పిల్ల రెండు కళ్ల మధ్య వెడల్పు కన్నా చిన్నదై ఉండాలి. మీ తోటలో పట్టిన పురుగులు మాత్రం వేయకండి, కారణం మీకే తెలుసు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లలైతే కడుపులో మిగిలిన సొనతోనే మొదటి ఒకట్రెండు రోజులు గడుపుతాయి, అందుకని తినకపోవడం ఒక్కటే చూసి భయపడొద్దు. కోళ్లకు వేసే విటమిన్ చుక్కలు, మనం వాడే యాంటీబయాటిక్ వేయాలనిపిస్తుంది, వేయొద్దు. ఎ, డి విటమిన్లు మోతాదు మించితే అవే విషమవుతాయి.

మీవాడు పెంచుకుంటానంటాడేమో, వాడి ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ వద్దని చెప్పండి. మన ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. చట్టం పక్కన పెట్టినా, ఎండలోని అతినీలలోహిత కిరణాలు అందక, తిండిలో కాల్షియం చాలక ఇంట్లో పెరిగే పిల్లలకు ఎముకలు మెత్తబడి, కాళ్లు వంకర్లు పోయి, దవడ సాగి, నాలుక విసరలేక ఆకలితో చచ్చిపోతాయి. పైన చెప్పినదంతా అటవీ శాఖ వాళ్లు వచ్చేలోపు ప్రాణం నిలబెట్టడానికే. ఈరోజే రేంజి ఆఫీసుకు కబురు చేయండి. వాళ్లు చెబితే, తేరుకున్న పిల్లల్ని ఎండ కాస్త వేడెక్కాక దొరికిన గట్టుకే తీసుకెళ్లి, మందు పడని కంపలో ఒక్కోదాన్ని ఒక్కో పొద మీద వదలొచ్చు. తల్లి కోసం వెతకనక్కర్లేదు, గుడ్లు నేలలో పెట్టి పూడ్చి వెళ్లిపోవడంతో దాని పని అయిపోతుంది, పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ వాటి బతుకు అవే బతుకుతాయి.

నాన్నగారికి నా మాటగా చెప్పండి, దానికి విషం లేదు. ఒళ్లు ఉబ్బించి, నోరు తెరిచి బుస కొట్టేది భయంతోనే, కరిచినా గిల్లినట్టుంటుంది అంతే. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు, అది ఏ బల్లిజాతిని ముట్టుకున్నా చేయాల్సిందే. విషమని, అరిష్టమని మన ఊళ్లలో వీటిని రాళ్లతో కొట్టి చంపుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటాం గానీ, తొండ ఎంత ముదిరినా తొండే, రెండూ వేరు వేరు కుటుంబాలవి. రెండూ మీ తోటలో మిడతల్ని, ఈగల్ని తిని బతికేవే.

ఇంకొకటి. గట్టు మీద మిగిలిన కంప ఇప్పుడే కొట్టించకండి, ఇంకొన్ని పిల్లలు అందులోనే ఉండి ఉంటాయి. మట్టి పెళ్లగించినప్పుడు మెత్తటి తోలులాంటి పెంకుతో తెల్లటి గుడ్లు బయటపడితే వాటిని తిప్పొద్దు, తిప్పితే లోపలి పిండం చనిపోవచ్చు. పైకి ఉన్న వైపు పైకే ఉండేలా అదే గుంతలో, అదే తడి మట్టితో కప్పేసి, కూలీలకు కనిపించేలా పక్కన ఒక కర్ర పాతండి.