కంటికి వదిలేసిన పనిని విడదీసి చూడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ బి.ఎస్సీ. కెమిస్ట్రీ తరగతిలో చూపులేని అబ్బాయి, వినికిడి లేని అమ్మాయి చేరారనీ, వారితో ప్రాక్టికల్స్ ఎలా చేయించాలో పాలుపోవడం లేదనీ రాశావు. మన కాలేజీల్లో సాధారణంగా పక్క విద్యార్థి ప్రయోగం చేస్తాడు, వీరు ఆ అంకెలను రికార్డులో ఎక్కించుకుంటారు. జాలితో చేసినా అది చదువు చెప్పడం కాదు. మచిలీపట్నం ప్రాంతానికి చెందిన, పుట్టుకతోనే చూపులేని బొల్లా శ్రీకాంత్ ఇంటర్‌లో సైన్సు చదవడానికే కోర్టుకెక్కవలసి వచ్చింది. తర్వాత ఆయన అమెరికాలోని ఎంఐటీలో చదివారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంటోంది కాబట్టి, ఇకపై ఇలాంటి విద్యార్థులు వస్తూనే ఉంటారు.

ప్రతి ప్రయోగంలోనూ నువ్వు నేర్పదలచినదేమిటో, కేవలం కంటికి వదిలేసిన పని ఏదో ముందుగా విడదీసి చూడు. ఒక ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ మరో ద్రావణం గాఢతను కనుక్కునే టైట్రేషన్‌లో నేర్పేది ఆమ్లం, క్షారం తటస్థీకరణ, మోలారిటీ (గాఢత) లెక్క. ఫినాఫ్తలీన్ సూచిక గులాబీ రంగుకు తిరగడం అంతిమ బిందువును, అంటే తటస్థీకరణ పూర్తయిన క్షణాన్ని, పట్టుకునే దారుల్లో ఒకటి మాత్రమే. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ కలుపుతూ పోతే ద్రావణ విద్యుత్ వాహకత తగ్గుతూ వచ్చి, తటస్థీకరణ పూర్తయ్యాక మళ్లీ పెరుగుతుంది. వాహకతను శబ్దంగా మార్చే చిన్న సర్క్యూట్‌ను ఫిజిక్స్ వారిని అడిగి చేయించుకుంటే, ఆ అబ్బాయి ఆ మలుపును చెవితోనే పసిగడతాడు. ద్రావణాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం బ్యూరెట్‌కు బదులు పిస్టన్ మీద గాట్లు పెట్టిన సిరంజి ఇస్తే ఘనపరిమాణం వేలికి తెలుస్తుంది. ఖచ్చితత్వం కొంత తగ్గుతుంది, ఆ దోషాన్ని లెక్కగట్టడం కూడా పాఠంలో భాగమే. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోనే ఉల్లిపాయ, వెనీలా, లవంగ నూనె వాసన సూచికలుగా (ఆమ్లమో క్షారమో వాసన మార్పుతో చెప్పేవిగా) ఉన్నాయి. డిగ్రీకి వచ్చేసరికి మనం వాటిని చిన్నతనంగా భావించి వదిలేశాం. పైగా ఇలా వాహకతను కొలిచే మీటరు ఉంటే మిథైల్ ఆరెంజ్ రంగు మార్పు సరిగా తెలియని వర్ణాంధత్వం ఉన్నవారికీ ఇబ్బంది తప్పుతుంది.

బోర్డు దగ్గర “ఇది దీనితో కలిస్తే ఇదిగో ఇలా” అంటూ వేలు చూపే అలవాటు మానుకో. “ఎ ప్లస్ బి బై సి” అని చదివితే భాగించేది బి ఒక్కదాన్నా, మొత్తాన్నా అన్నది వినేవారికి తెలియదు; “ఎ ప్లస్ బి, హోల్ బై సి” అని చదవాలి. నోట్సును స్కాన్ చేసిన బొమ్మలుగా పంపితే తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ వాటిని నేరుగా చదవలేకపోతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు దానికి అర్థంలేని అక్షరాల గుంపు. యూనికోడ్‌లోనే టైపు చేయించు.

వినికిడి లేని అమ్మాయి ఒకేసారి ఫ్లాస్కునూ, సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్ చేతులనూ చూడలేదు. అందుకే చేసి చూపించి, ఆగి, ఆ తర్వాతే వివరించు. చాలా రసాయన పదాలకు స్థిరపడిన సంజ్ఞలు లేవు కనుక, పాఠంలో వచ్చే పదాల జాబితాను ఇంటర్‌ప్రెటర్‌కు ముందుగానే ఇవ్వు.

పరీక్షల విషయంలో ఆలస్యం చేయకు. స్క్రైబుతో (చెప్పింది రాసిపెట్టే సహాయకుడితో) రాసేవారికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు ఉన్నాయి. థియరీలో దీనికి పెద్దగా అడ్డు రాదు. చిక్కంతా ప్రాక్టికల్ పరీక్షలోనే. ఏడాదంతా నువ్వు మీటరుతో చేయించినా, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ “రంగు చూసి చెప్పు” అన్నాడంటే చేసిందంతా వృథా. పరీక్షలో ఏ పరికరాలు వాడతారో నోటిఫికేషన్‌కు ముందే విభాగాధిపతి చేత పరీక్షల విభాగానికి రాయించి, లిఖితపూర్వక అనుమతి తెప్పించుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు