కాజీపేట స్టేషన్ దగ్గర మొదలుపెట్టు

ఒరేయ్ అల్లుడూ,

వరంగల్‌లో స్నేహితులతో కలిసి క్యాబ్‌ల యాప్ పెడుతున్నావని అక్క ఫోన్లో చెప్పింది. మీసం మెలేశాను కానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లైసెన్సులు, జీఎస్టీ ఆడిటర్ చూసుకుంటాడు. నాకు తెలిసింది స్టీరింగ్ పట్టుకున్నవాడి బుద్ధి.

2015లో నాకు ఫోన్ చేసి పిలిచే ఇళ్లు ఎనిమిది ఉండేవి. మల్కాజిగిరిలో ఒక రిటైర్డ్ టీచరమ్మను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లేవాణ్ణి. కిరాయి డబ్బులు చిల్లరతో సహా మందుల కవర్లో మడిచి పెట్టి ఇచ్చేది. అప్పుడే ఒక యాప్ కంపెనీవాళ్లు రోజుకిన్ని ట్రిప్పులు కొడితే ఇంత ఇన్సెంటివ్ అన్నారు. ఇంకో రెండు కొడితే టార్గెట్ అయిపోతుందని ఆవిడ ఫోన్ కట్ చేశాను. ఒకసారి కాదు, నెల రోజులు. పైగా ఈఎంఐ మీద రెండో బండి తీశాను. మీ అత్త వద్దంటే అరిచాను కూడా.

ఏడాది తిరక్కుండానే టార్గెట్ పెరిగింది, ఇన్సెంటివ్ తగ్గింది. రోడ్డు నిండా నాలాంటివాళ్లే. సిగ్గు చంపుకుని ఆవిడ ఇంటికెళ్తే ఫోన్ చూపించింది. "ఇప్పుడు నొక్కితే బండి వస్తోంది నాయనా, బతిమాలే పని లేదు." రెండో బండిని ఫైనాన్సువాళ్లు పట్టుకెళ్తుంటే డాష్‌బోర్డు మీది వెంకన్న ఫోటో ఊడదీసుకుని ఇంటికి నడిచొచ్చాను.

బళ్లుంటే జనం వస్తారు, జనముంటే బళ్లొస్తాయని నువ్వంటావు. నిజమే, కానీ ఆ లెక్క ఊరి మొత్తానికి కాదురా, సెంటరు సెంటరుకీ వేరు. హన్మకొండలో వంద బళ్లున్నా, తెల్లవారుజామున కాజీపేటలో రైలు దిగినవాడికి ఒరిగేదేంటి? ముందు ఆ స్టేషన్ పట్టు. రైలు టైముకు బయట పది బళ్లుంటే చాలు.

కూపన్లను మాత్రం నమ్ముకోకు. డ్రైవర్ ముందు రెండు ఫోన్లుంటాయి, కస్టమర్ మూడు యాప్‌లు తెరిచి చూస్తాడు. అంత డబ్బు గుమ్మరించిన ఊబరే 2016లో చైనా వ్యాపారాన్ని అక్కడి పోటీ కంపెనీ దీదీకి, 2018లో ఆగ్నేయాసియాది అక్కడి క్యాబ్ కంపెనీ గ్రాబ్‌కు అప్పగించి తప్పుకుంది. నీ దగ్గరెంతుంది, వెధవా? అక్క ఇంటి కాగితాల జోలికి వెళ్లావో, నాతో మాట్లాడకు.

బెంగళూరు నమ్మ యాత్రి యాప్ లాగా ట్రిప్పు మీద కమీషన్ వదిలేసి, డ్రైవర్ల దగ్గర రోజువారీ చందా తీసుకోవడం ఆలోచించు. ముసలివాళ్లకు మాత్రం వచ్చిన డ్రైవర్‌నే మళ్లీ పిలిచే బటన్ ఒకటి పెట్టు. నాకోసం.

అన్నం వేళకు తిను. యాప్ మొదలయ్యాక వస్తా. కాజీపేటలో దిగి నీ బండే బుక్ చేస్తా, ఎన్ని నిమిషాలకు వస్తుందో చూస్తా.

నీ మామ